చుక్క

షార్జా రోలాలో ఆ కళ్లద్దాల కొట్టు నాది కాదు,
పరీక్ష చేసే చీకటి గది మాత్రం నాది.
"ఇది బాగుందా, అది బాగుందా" అని
రోజుకు నలభై మందిని అడుగుతాను.
సెలవు రోజున ఫుజైరా కొండల దగ్గరి రేంజిలో
పిస్తోలు పట్టుకుని
అదే ప్రశ్న నాకు నేను వేసుకుంటాను.

నా కుడికంటికి సిలిండర్ ఉంది, ఒకటిన్నర.
లోకానికి గుండ్రంగా వెలిగే ఎర్రచుక్క
నాకు తోకచుక్క.
ఒక్కోసారి రెండు తోకలు.

క్లబ్బులో వాళ్లవీ వీళ్లవీ మూడు సైట్లు అడిగి తెచ్చుకున్నాను.
మొదటిది వెడల్పు కిటికీ:
చుక్క తొందరగా చిక్కుతుంది,
గాలి లేచిన రోజు ఇసుక అంతకంటే తొందరగా.
రెండోది చవక. పదో తూటాకే జడిసింది.
మూడోది రెండువైపులా అద్దం బిగించిన డబ్బీ,
దుమ్ముకు దారి లేదు;
ధర మాత్రం నాలుగు నెలల బెడ్‌స్పేస్ అద్దె.

పోశెట్టన్నది కోరుట్ల.
అట్టబొమ్మల మీద మేం చేసిన చిల్లులకు
బిళ్లలు అంటించడం ఆయన పని.
నా బొమ్మ ముందు నిలబడి, వేలితో తడిమి, అన్నాడు:
"అక్కా, నీయన్నీ ఎడమకే, కిందికే పడుతున్నయ్.
చుక్క కొంటే ఏలు మారుతదా?"

బస్సులో రెండు గంటలూ నా చూపుడువేలినే చూస్తూ వచ్చాను.

పిస్తోలు క్లబ్బు బీరువా దాటి రాదు, చట్టం.
గదిలో హెయిర్ డ్రయ్యరే గతి.
స్విచ్‌బోర్డు నా గురి.
పై మంచం మీది నుంచి ఫ్లోరెన్స్ నోటితో "బీప్" అంటుంది,
నడుము దగ్గరి చెయ్యి కంటి ఎత్తుకు లేస్తుంది.
నూరుసార్లు. మళ్లీ నూరు.
ఫ్లోరెన్స్ నిద్రలోకి జారి
బీప్ సగంలో ఆగిపోయే దాకా.
గురి కుదరక ముందే బిగుసుకుపోయే వేలికి
ఆ తొందరను, పిల్లకు పాలు మాన్పించినట్టు,
కొంత ఏడిపించి, మెల్లగా మాన్పించాను.

ఒకనాడు రేంజిలో
చుక్క కోసం కిటికీ అంతా గాలిస్తుంటే
నా గొంతే నాకు వినపడింది,
చీకటి గదిలో పెద్దవాళ్లకు రోజూ చెప్పే మాట:
"అద్దాన్ని కాదమ్మా, అక్షరాన్ని చూడండి."
అక్షరాన్ని చూశాను.
ఇనుప పళ్లెం మీద రంగు పెచ్చు లేచిన చోటు.
చుక్క దానంతట అదే వచ్చి
అక్కడ కూర్చుంది, తోకలతో సహా.

ఫిబ్రవరి పోటీ.
రేకుల నీడలో తగ్గించి పెట్టిన వెలుగు సంగతి
మరిచిపోయి ఎండలోకి ఉరికాను.
ఎత్తితే కిటికీ ఖాళీ.
తెల్లటి ఇసుక, తెల్లటి ఎండ, చుక్క లేదు.
చెయ్యి మాత్రం స్విచ్‌బోర్డుకు లేచినట్టే లేచింది.
టంగ్. టంగ్. ఒకటి తప్పింది. టంగ్.
ప్లైవుడ్ గోడ నీడకు చేరాక కనబడింది,
భోజనాల వేళకు పెళ్లికొచ్చిన చుట్టంలా.

ముప్పై ఒక్క మందిలో పంతొమ్మిదో స్థానం.
పోశెట్టన్న బొమ్మ తడిమి "ఎడమకు ఒక్కటే" అన్నాడు.
అప్పుడు గమనించాను:
ఆయన చిల్లును వెతికేది వేలితోనే,
కంటితో కాదు.

ఆ మూడో సైటు, ఒకరు వాడిందే, వాయిదాల మీద కొన్నాను.
శనివారం పోశెట్టన్నను నా కుర్చీలో కూర్చోబెట్టాను.
ఇది బాగుందా, అది బాగుందా.
ప్లస్ రెండు.
కొత్త అద్దాలతో ముందు తన బొటనవేలు చూసుకున్నాడు,
గీతల్లో ఎండిన జిగురు.
తర్వాత బల్ల మీద నా బిల్లు తీసి
అంకెలు చదివి, మళ్లీ చదివి,
"గింత చుక్కకా అక్కా, గన్ని పైసలు!"